నవాక్షరాస్యుల ఆనంద పఠనం

నవాక్షరాస్యుల ఆనంద పఠనం అనగా పెద్ద వయసులో చదవడం నేర్చుకున్నవారు, పరీక్ష కోసమో అర్జీ కోసమో కాక, తమ ఇష్టం కొద్దీ కథలు, పాటలు, పత్రికలు చదువుకోవడం. ప్రభుత్వ పత్రాలలో వీరిని నూతన అక్షరాస్యులు అని, హిందీలో నవసాక్షరులు అని వ్యవహరిస్తారు. వయోజన విద్యలో ఆనంద పఠనానికి ప్రత్యేక పాఠం గాని, గంట గాని ఉండదు. కాని రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు నిలుస్తాయా, ఏడాది తిరిగేసరికి చెరిగిపోతాయా అన్నది చాలావరకు దీనిమీదనే ఆధారపడి ఉంటుంది. బడి ముగిసిన తరువాత చదవడానికి ఏమీ దొరకనివారు, దొరికినా చదవాలని అనిపించనివారు క్రమంగా సంతకం దగ్గర ఆగిపోతారు. కొందరు తిరిగి వేలిముద్రకు వెళ్తారు.

నిమిషానికి 30 మాటలు

1988 మే 5న ప్రారంభమైన జాతీయ అక్షరాస్యతా మిషన్ అక్షరాస్యులెవరు అన్నదానికి కొన్ని కొలతలు నిర్ణయించింది. తనకు ఆసక్తి ఉన్న విషయాన్ని నిమిషానికి 30 మాటల వేగంతో పైకి చదవగలగాలి. సులభమైన చిన్న పేరాలను నిమిషానికి 35 మాటల చొప్పున మనసులో చదువుకోగలగాలి. చూచి వ్రాయుటలో నిమిషానికి 7 మాటలు, విని వ్రాయుటలో 5 మాటలు రావాలి. దారిపక్క గుర్తులు, గోడపత్రాలు, చిన్న సూచనలు అర్థం కావాలి. ఒక ప్రాథమిక స్థాయిగా ఈ కొలతలను తప్పుపట్టలేము. అయితే ఈ స్థాయిలో ఆగిన వ్యక్తి పుస్తకం చేతిలోకి తీసుకుంటే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు.

600 మాటలున్న చిన్న కథకు 20 నిమిషాలు పడుతుంది. పుటకు 100 మాటల చొప్పున 16 పుటలున్న పుస్తకానికి దాదాపు గంట కావాలి. పగలంతా నాట్లు వేసో, ఇటుకలు మోసో వచ్చిన మనిషికి ఇది చిన్న శ్రమ కాదు. పైగా తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. 12 మాటల వాక్యాన్ని నిమిషానికి 30 మాటల వేగంతో చదివితే 24 సెకన్లు పడుతుంది. ఎవరు, ఎవరిని, ఎక్కడ అన్నవన్నీ అంతసేపు గుర్తు పెట్టుకుంటే తప్ప చివర వచ్చే "కొట్టాడు", "కట్టాడు" అన్న మాటకు అర్థం ఉండదు. అక్షరం అక్షరం కూడబలుక్కునే పాఠకుడు వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతాడు. అతనికి తెలివి తక్కువై కాదు, వేగం చాలక.

ఈ వేగం పాఠం చెబితే రాదు. చదవగా చదవగా వస్తుంది. అంత ఎక్కువగా చదివించగలిగేది ఇష్టం ఒక్కటే. "తరువాత ఏమయింది" అన్న కుతూహలం ఉన్నవాడు తడబడుతూనైనా ముందుకు పోతాడు. ఎరువు వాడకం మీది కరపత్రాన్ని అవసరమైన రోజున ఒకసారి చదువుతారు. నచ్చిన కథను రెండోసారీ చదువుతారు, మూడోసారి మరొకరికి చదివి వినిపిస్తారు. వేగం పెరిగేది ఆ రెండో, మూడో చదువులలోనే.

లిపి, కళ్ళు, దీపం

తెలుగు లిపిలో ఒక సౌకర్యం ఉంది. ఎలా పలుకుతామో దాదాపు అలాగే వ్రాస్తాము. ఇబ్బందులు వేరే చోట ఉన్నాయి. ప, వ, మ, య, న, స, ద, ధ, థ వంటివి చూడటానికి దగ్గరగా ఉంటాయి. గుణింతపు గుర్తులు అక్షరం పైన, పక్కన, కింద చేరుతాయి. ఒత్తులలో త, న, మ, య, ర, ల ఒత్తులు తమ మూల అక్షరాలను పోలి ఉండవు కనుక వాటిని విడిగా గుర్తుంచుకోవాలి. వీటన్నిటికీ మించినది సంధి. విడివిడిగా తెలిసిన మాటలు కలిసి ఒక పొడవాటి మాట అయినపుడు కొత్త పాఠకుడికి అందులో తెలిసిన మాట ఏదీ కనబడదు. "వెళ్ళాలనుకున్నానంటే" అన్నది నోటితో రోజూ అనే మాటే. కాగితం మీద అదొక గోడ. అందువలన నవాక్షరాస్యుల కోసం వ్రాసేవారు పొట్టి వాక్యాలు వ్రాయడంతో పాటు మాటలను విడదీసి వ్రాయడం కూడా అలవాటు చేసుకోవలసి ఉంటుంది.

పుస్తకాలలో తరచు పట్టించుకోని మరొక విషయం చత్వారం. నలభై ఏళ్ళు దాటినవారికి దగ్గర వస్తువులు మసకబారడం సహజం. వయోజన విద్యా కేంద్రానికి వచ్చే స్త్రీ పురుషులలో ఈ వయసువారు ఉంటారు. అక్షరాలు అలుక్కుపోయినట్లు కనబడితే తమ కళ్ళను అనుమానించరు. "ఈ వయసులో మాకు చదువెక్కడ ఎక్కుతుంది" అని మానేస్తారు. పెద్ద అచ్చు, వరుసల మధ్య తగినంత ఖాళీ, మంచి వెలుతురు, ఒక జత కళ్ళద్దాలు ఉంటే ఇలా మానేసినవారిలో కొందరైనా తిరిగి వస్తారు. సన్న అక్షరాల పుస్తకాన్ని మసక దీపం కింద పెట్టి పఠనాసక్తి గురించి ఉపన్యసించడం వృథా.

కార్యక్రమాల చరిత్ర

భారతదేశంలో జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 1978 అక్టోబరు 2న మొదలయింది. 1988లో అక్షరాస్యతా మిషన్ ఏర్పడిన తరువాత నాలుగైదు గ్రామాలకు, అనగా సుమారు 5000 జనాభాకు, ఒకటి చొప్పున జన శిక్షణ నిలయాలను తలపెట్టారు. నేర్చుకున్న చదువు మరచిపోకుండా చూడటం వీటి ఉద్దేశం. నిలయాన్ని నడిపే వ్యక్తిని ప్రేరక్ అన్నారు. కేరళలోని ఎర్నాకుళం జిల్లా 1990 ఫిబ్రవరి 4న సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్లు ప్రకటించిన తరువాత సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ఇతర రాష్ట్రాలకు పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు, చిత్తూరు జిల్లాలు ముందుగా దీనిని చేపట్టినవాటిలో ఉన్నాయి. 1990ల మధ్య నుండి నిరంతర విద్యా కేంద్రాలు వచ్చాయి. రెండు, రెండున్నర వేల జనాభాకు ఒక కేంద్రం, అందులో చిన్న గ్రంథాలయం, పఠన మందిరం ఉండాలన్నది పథకం. 2009 సెప్టెంబరు 8న సాక్షర భారత్ ప్రారంభమై 2018 వరకు నడిచింది. 2022లో ఉల్లాస్ పేరుతో ప్రసిద్ధమైన నవ భారత సాక్షరతా కార్యక్రమం 2027 వరకు ఐదేళ్ళ వ్యవధితో మొదలయింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 1991 జనగణనలో 44.09 శాతం, 2001లో 60.47 శాతం, 2011లో 67.02 శాతం. స్త్రీలలో 1991లో 32.72 శాతం ఉన్నది 2001కి 50.43 శాతానికి పెరిగింది. ఈ అంకెలు చదవడం, వ్రాయడం వచ్చునని ఇంటివారు చెప్పినదాని ఆధారంగా లెక్కించినవి. వారిలో ఎందరు ఏదైనా చదువుతున్నారో జనగణన అడగదు.

నవాక్షరాస్యుల కోసం పుస్తకాలు లేకపోలేదు. హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభ వారి లిటరసీ హౌస్ రాష్ట్ర వనరుల కేంద్రంగా తెలుగులో వాచకాలు, అనుబంధ పుస్తకాలు తయారు చేసింది. ఆంధ్ర మహిళా సభను దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించారు. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు కూడా భారతీయ భాషలలో ఇటువంటి పుస్తకాలు ప్రచురించింది. ఈ కోవకు చెందిన పుస్తకాలలో మంచివి ఉన్నాయి. కాని వాటిలో ఎక్కువ భాగం పారిశుద్ధ్యం, పొదుపు, చిన్న కుటుంబం, టీకాలు, మరుగుదొడ్డి వంటి విషయాల మీద కథ రూపంలో వ్రాసిన ఉపదేశాలు. అందులో రామయ్య తాగుతాడు, సీతమ్మ ఏడుస్తుంది, ఊరి టీచరు వచ్చి మంచి చెబుతుంది, రామయ్య మారుతాడు. మొదటి పుటలోనే చివరి పుట తెలిసిపోతుంది. యాభై ఏళ్ళు జీవితాన్ని చూసిన మనిషికి ఇది కథ అనిపించదు, తనను చిన్నపిల్లవానిగా చూస్తున్నారని అనిపిస్తుంది.

నెల్లూరు అనుభవం

పై మాటకు ఎదురు నిలిచే ఉదాహరణ నెల్లూరు జిల్లాలోనే ఉంది. అక్కడ 1990-91లో అక్షర దీపం పేరుతో సాగిన ఉద్యమంలో వాచకాల పాఠాలను స్థానిక జీవితం నుండి తీసుకున్నారు. సారా వలన కుటుంబాలు పడే బాధను చెప్పే "సీతమ్మ కథ" వాటిలో ఒకటి. కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు ఇటువంటి పాఠాలు చదివి, తమ ఊరి సంగతి మాట్లాడుకొని, సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వారిలో వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. 1992 నాటికి సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో సడలించారు.

ఒక పాఠం చదివినందువలననే ఉద్యమం పుట్టిందని చెప్పడం అతిశయోక్తి. కూలి డబ్బులు సారా కొట్టుకు పోవడం, ఇంట్లో దెబ్బలు తినడం స్త్రీలకు పుస్తకం చదవకముందే తెలుసు. అయితే ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. సీతమ్మ కథ కూడా సారా గురించిన ఉపదేశమే. దానిని వారు ఇష్టంగా చదివారంటే, అది పైనుండి చెప్పిన నీతిగా కాక తమ ఇంటి కథగా వారికి వినబడింది. చదివిన తరువాత కూర్చొని మాట్లాడుకునేందుకు రాత్రి బడి అన్న చోటు ఒకటి ఉంది. ఆనంద పఠనం అంటే కేవలం కాలక్షేపం అనుకునేవారు ఈ ఉదాహరణను ఆలోచించవచ్చు. తన సంగతి అచ్చులో కనబడటంలో ఉన్న తృప్తి కూడా ఆనందమే, అది నవ్వు తెప్పించకపోయినా.

ఇష్టంగా చదివేవి

పుస్తకాల పట్టికలు తయారు చేసేవారికన్నా సంతలో పుస్తకాలు అమ్మేవారికి ఈ సంగతి బాగా తెలుసు. తెలుగునాట చదువు తక్కువవారు ఇష్టపడి కొన్న పుస్తకాలకు పెద్ద చరిత్ర ఉంది. సినిమా హాళ్ళ వద్ద, తిరునాళ్ళలో చవకగా అమ్మిన పాటల పుస్తకాలు, బాలనాగమ్మ కథ, బుర్రకథలు, సామెతలు, పొడుపు కథలు, పంచాంగాలు, వ్రత కథలు ఇందులోకి వస్తాయి. వీటిని ఏ అక్షరాస్యతా సంస్థా ప్రచురించలేదు.

పాటల పుస్తకం కొత్త పాఠకుడికి ఎందుకు అంత అనువైనదో చూడవచ్చు. పాట ముందే నోటికి వచ్చు. కన్ను మొదటి రెండు అక్షరాలను పట్టుకోగానే మిగిలిన మాట నోట్లోకి వస్తుంది. తప్పు చదివితే రాగం తప్పుతుంది కనుక తనంతట తానే దిద్దుకుంటాడు. పక్కనున్నవారు దిద్దితే కలిగే చిన్నతనం ఇందులో లేదు. పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది కనుక అవే మాటలు పదే పదే కంటబడతాయి. బతుకమ్మ పాటలు, దంపుడు పాటలు, అత్తాకోడళ్ళ పాటలు స్త్రీలకు ఇలాగే ఉపయోగపడతాయి. వరలక్ష్మీ వ్రత కథ సంగతీ అంతే. ప్రతి శ్రావణంలోనూ మరొకరు చదవగా విన్న కథను ఈ ఏడు తానే చదవగలగడం ఒక గృహిణికి ఏ ధ్రువపత్రానికీ తీసిపోదు.

1947 జూలైలో మొదలైన చందమామను పిల్లల పత్రిక అంటారు గాని దానిని ఇంట్లో పెద్దలూ చదివేవారు. దాని భాష తేట, వాక్యం సూటి, ప్రతి కథకూ బొమ్మ ఉండేది. 1952 నుండి 1980 వరకు సంపాదకత్వ బాధ్యత వహించిన కొడవటిగంటి కుటుంబరావు ఆ శైలిని నిలబెట్టారు. ముఖ్యంగా అందులో రాజులు, దొంగలు, రాక్షసులు, గడుసు కోడళ్ళు ఉండేవారు. పెద్దవారు చదివినా సిగ్గుపడవలసిన కథలు కావు. 2010ల తొలి సంవత్సరాలలో దీని ప్రచురణ ఆగిపోయింది. పాత సంచికలు ఇప్పటికీ కొత్త పాఠకులకు మంచి మెట్టు. పెద్దలకు పిల్లల పుస్తకాలు ఇవ్వరాదన్న వాదన ఒకటి ఉంది. "ఏనుగు ఎగిరింది" వంటి బొమ్మల పుస్తకం విషయంలో అది నిజమే. అదే పుస్తకాన్ని మనవరాలికి చదివి వినిపించడానికి ఇస్తే అవమానం ఉండదు, పైగా ఇద్దరికీ చదువు సాగుతుంది.

పత్రికలలో కొందరు మొదట చదివేది రాశిఫలాలు, సినిమా వార్తలు, కార్టూన్లు, నేర వార్తలు. ఇవి పనికిమాలినవని ప్రేరక్ అనుకోవచ్చు. చదివేవారికి అవి మొదటి మెట్టు, అక్కడినుండి మిగతా పుటలకు పోతారు. రైతులకు 1969లో మొదలైన అన్నదాత వంటి పత్రికలు, స్త్రీలకు వారపత్రికల ధారావాహికలు అలాగే పనిచేశాయి. ధారావాహికకు ఉన్న బలం వారం వారం ఆగడంలో ఉంది. వారానికి రెండు పుటలు చదవడం ఎవరికీ భారం కాదు.

భాష విషయంలో గిడుగు రామమూర్తి ఒక శతాబ్దం క్రితం చేసిన వాదం ఇక్కడ నేటికీ వర్తిస్తుంది. మాట్లాడే భాషకు పుస్తక భాష దూరమైతే చదువు కొద్దిమందికే పరిమితమవుతుంది. నేటి వాచక భాష వ్యావహారికమే అయినా అది ఎక్కువగా ఒక ప్రాంతపు చదువరుల వ్యావహారికం. శ్రీకాకుళం, అనంతపురం, ఆదిలాబాదు పల్లెల పాఠకులకు తమ మాట అచ్చులో కనబడటం అరుదు. సభ్యులు చెప్పిన సంగతులనే ప్రేరక్ పెద్ద అక్షరాలతో వ్రాసి, వాటినే వారిచేత చదివించే పద్ధతి ఈ లోటును కొంత తీరుస్తుంది. తాను చెప్పిన మాటను తాను చదవడం కనుక సంధి, యాస అడ్డం రావు.

చదివి వినిపించుట

తెలుగు సమాజంలో పుస్తకం చాలాకాలం చెవి ద్వారానే జనానికి చేరింది. రచ్చబండ మీద ఒకరు భారతమో, దినపత్రికో చదువుతుంటే పదిమంది వినేవారు. భారత జ్ఞాన విజ్ఞాన సమితి 1990లలో చేపట్టిన జన వాచన ఉద్యమం ఈ అలవాటును ఆధారం చేసుకొని, చిన్న చిన్న చవక పుస్తకాలను వేసి, ఊళ్ళలో గుంపుగా చదివించే ప్రయత్నం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక అక్షరాస్యతా ఉద్యమంలోనూ, కళాజాతలలోనూ పాల్గొన్నది.

చదివి వినిపించేవారు పాటించే ఒక ఉపాయం ఉంది. కథ మంచి పట్టులో ఉండగా ఆపి, పుస్తకాన్ని అక్కడే వదిలి వెళ్ళాలి. మిగిలినది తెలుసుకోవాలనుకున్నవారు తామే తెరుస్తారు. హరికథకులు, ఒగ్గుకథకులు రాత్రికి కథను ఎక్కడ ఆపాలో తెలిసినవారు; ఇది వారి విద్యే.

చదివిన తరువాత "ఈ కథలో నీతి ఏమిటి" అని అడగడం వలన మంచి కన్నా చెడు ఎక్కువ. అది మళ్ళీ బడి అవుతుంది. "ఆమె చేసింది బాగుందా", "నీవైతే ఏం చేస్తావు" అంటే మాట కదులుతుంది. నచ్చని పుస్తకాన్ని మధ్యలో వదిలేసే హక్కు చదువరులకు ఉన్నట్లే నవాక్షరాస్యులకూ ఉంది. మొదటిసారి ఒక పుస్తకాన్ని "బాగాలేదు" అని పక్కన పెట్టినవారు పాఠకులయ్యారనే చెప్పవచ్చు.

గ్రంథాలయాలు

ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం దేశంలోనే ముందు నడిచినవాటిలో ఒకటి. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి ప్రాణం పోశారు. గుంటూరు జిల్లా పెదపాలెంలో గ్రంథాలయ సేవ చేసిన పాతూరి నాగభూషణం 1935లో కాలువ మీద పడవలో పుస్తకాలు తీసుకువెళ్ళే నౌకా గ్రంథాలయాన్ని నడిపారు. ఆ ఉద్యమంలోని మూల సూత్రం పాఠకుడి దగ్గరకు పుస్తకం పోవాలన్నది. 1960 నాటి గ్రంథాలయ చట్టంతో శాఖా గ్రంథాలయాలు, ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్ను స్థిరపడ్డాయి. అయినా నవాక్షరాస్యులు ఆ గడప ఎక్కడం అరుదు. కూలికి పోయి వచ్చేసరికి తలుపులు మూసి ఉంటాయి. బీరువాలకు తాళాలుంటాయి. నోటితో పలుకుతూ చదివేవారికి "నిశ్శబ్దము" అన్న పలక అడ్డు. నిరంతర విద్యా కేంద్రాలు ఈ లోటును తీర్చవలసినవి. అయితే ప్రేరక్‌కు ఇచ్చే గౌరవ వేతనం స్వల్పం కావడం, పుస్తకాలు ఒకసారి వచ్చి తరువాత రాకపోవడం వంటి కారణాలతో చాలాచోట్ల అవి పేరుకే మిగిలాయి.

పుస్తకాలు దొరకనిచోట కొందరు తామే పత్రిక పెట్టుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో గ్రామీణ స్త్రీలు బుందేలీ మాటలో ఖబర్ లహరియా అనే పత్రికను ప్రారంభించారు. దానికి ముందు బాందా ప్రాంతంలో నవాక్షరాస్య స్త్రీలు తయారుచేసిన మహిళా డాకియా దారి చూపింది. చిత్తూరు జిల్లాలో స్వయం సహాయక సంఘాల స్త్రీలు 2001లో నవోదయం పత్రికను తెచ్చారు.

ఇతర దేశాలలో

టాంజానియాలో 1974లో నవాక్షరాస్యుల కోసం స్వాహిలీ భాషలో ఒక గ్రామీణ పత్రిక వెలువడింది. దాని పేరుకు "విద్యకు అంతం లేదు" అని అర్థం. స్వీడన్‌లో 1984 నుండి సులభ భాషలో "8 పుటలు" అనే అర్థం వచ్చే పేరుతో వార్తాపత్రిక వెలువడుతోంది. బ్రిటన్‌లో 2006లో క్విక్ రీడ్స్ పేరుతో పేరున్న రచయితల చేత చిన్న నవలలు వ్రాయించారు. 2008లో అక్కడే మొదలైన ఆరు పుస్తకాల పందెంలో నేర్చుకునేవారు తమకు నచ్చిన ఆరింటిని ఎంచుకొని చదివి, వాటి గురించి రెండు మాటలు వ్రాయాలి. పత్రిక, కవిత, వంటల పుస్తకం దేనినైనా లెక్కలోకి తీసుకుంటారు. పేరున్న రచయితలు నవాక్షరాస్యుల కోసం ప్రత్యేకంగా వ్రాయడం తెలుగులో ఇంకా అలవాటు కాలేదు. మన కథా సాహిత్యంలో మూడు నాలుగు పుటలకు మించని మంచి కథలకు కొరత లేదు. పెద్ద అచ్చులో, విడి పుస్తకాలుగా వేయవలసి ఉంది.

చరవాణి కాలం

చరవాణి ఈ విషయాన్ని రెండు వైపులా లాగింది. మాట రికార్డు చేసి పంపవచ్చు, వీడియో చూడవచ్చు కనుక ఉత్తరం చదవవలసిన అవసరం తగ్గింది. మరొక వైపు తెరమీద అక్షరాన్ని వేలితో పెద్దది చేసుకోవచ్చు, ఇది చత్వారం ఉన్నవారికి వరం. పాట వింటూ దాని సాహిత్యాన్ని చూడవచ్చు. దుబాయి, కువైట్ వెళ్ళిన కొడుకు పంపిన నాలుగు వాక్యాలను పక్కింటివారికి చూపకుండా తానే చదువుకోవచ్చు. అక్షరాస్యతా కేంద్రాలకు వచ్చే స్త్రీలు తమ చదువుకు చెప్పే కారణాలలో ఈ చివరిది ఒకటి. వయోజన విద్యలో కళలు, సంస్కృతి, క్రీడలు, వినోదం వంటి విషయాలకు కూడా చోటు ఉండాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం పేర్కొన్నది. ఉల్లాస్ కార్యక్రమపు ఐదు భాగాలలో చివరిదైన నిరంతర విద్య కింద ఇది వస్తుంది. మొదటి భాగమైన ప్రాథమిక అక్షరాస్యతకు పరీక్ష, ధ్రువపత్రం ఉన్నాయి.